తొక్కని మంచు

పొద్దు కొండ వెనక్కి జారే వేళకు సనవ్‌బర్ ఖోలా ఆరు మెట్లు దిగుతుంది. ఎడమచేతి తొడుగు తీసి చంకలో పెట్టుకుంటుంది. మూడో చెట్టు మొదట్లో మోకాళ్ళూని కూర్చుని, చేతిని మణికట్టు దాకా మట్టిలోకి దింపుతుంది. పది లెక్కపెడుతుంది. చేతిని పైకి తీసి, దులపకుండా, చెంపకు ఆనించుకుంటుంది.

చలికాలమంతా ఆమె ఎడమ చెంప మీద మట్టి చార ఉంటుంది. కొత్తవాళ్ళు చూసి తుడుచుకోమంటారు. తుడుచుకుంటుంది. మర్నాటికి మళ్ళీ ఉంటుంది.

ఖోలా అంటే మాకు పిన్ని. ఆమెకు అక్కలు లేరు, అక్కల పిల్లలూ లేరు. వీధి మొత్తానికి పిన్నే.

ఆ మెట్లు భూమిలోకి దిగుతాయి. పెరట్లో తూర్పు పడమరలుగా తవ్విన గుంట అది. లోపల నిలబడి చెయ్యెత్తితే వేళ్ళు నేలమట్టాన్ని తాకుతాయి, అంత లోతు. పైన వాసాలు. వాసాల మీద రెండు పొరల ప్లాస్టిక్ పట్టా, పొరల మధ్య జానెడు ఖాళీ. ఉత్తరం గోడ పొడవునా నీళ్ళు నింపి మసి పూసిన సీసాలు. పగలు ఎండను తాగి రాత్రి కొంచెం కొంచెంగా వదులుతాయి. అందులో పద్దెనిమిది నిమ్మచెట్లు. పొయ్యి లేదు, నిప్పు లేదు. పైన బకెట్లో నీళ్ళు రాయైపోయే చలిలో కింద పూత వాసన.

ఆమె ఇరవై ఆరేళ్ళు పట్నంలో ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళ గది ఆమెది. కరెంటు లేని రోజుల్లో సీసాల్లో వేడినీళ్ళు పోసి, పసివాళ్ళను దూదిలో చుట్టి, మధ్యలో పడుకోబెట్టేది. ఆ గదిలో ఆమె నేర్చుకున్నది ఒక్కటే. వేడిని పుట్టించడం కష్టం. ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకోవడం తేలిక.

నిమ్మచెట్లు ఆమె భర్త తెచ్చినవి. లారీ నడిపేవాడు. ఒకసారి దక్షిణాన వఖ్ష్ లోయ నుంచి మూడు మొక్కలు కోటులో చుట్టి తెచ్చాడు. మొదటి చలికాలం వాటిని బొగ్గుపొయ్యి ఉన్న గదిలో పెట్టుకున్నారు. పొగకు ఆకులు రాలి రెండు చచ్చాయి. మూడోది కూడా చచ్చినట్టే ఉంటే, పారెయ్యలేక బంగాళాదుంపలు దాచే గోతిలో దింపి గడ్డి కప్పింది. ఫిబ్రవరిలో దుంపల కోసం గడ్డి తీస్తే, చీకట్లో పచ్చగా నిలబడి ఉంది. కొసన ఒక మొగ్గ.

ఆ రోజు ఆమె వంట చెయ్యలేదని భర్త మాకు చెప్పేవాడు. పార తెచ్చుకుని గోతిని పొడవుగా తవ్వడం మొదలుపెట్టిందట. భర్త పోయాడు. ఆ ఒక్క చెట్టు కొమ్మలే నాటుకుంటూ వచ్చింది, గుంట మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది.

వీధికి అవతల మిర్జోవలి ఇల్లు. ట్రాక్టరు నడిపి రిటైరైనవాడు. ఆయనకు నేల మీద కట్టిన గాజుగది ఉంది, అందులో దోసపాదులు, పాదుల మధ్య ఒక బొగ్గుపొయ్యి. వాకిటి గోడల మీదుగా ఇద్దరికీ రోజూ మాటలు నడిచేవి.

"ఏం అపా, మీ చెట్లను బతికుండగానే గోరీలో పెట్టారే."

"మీ పాదులు సైన్యంలో చేరినట్టున్నాయి అకా. రాత్రంతా ఒకడు కాపలా కూర్చోవాలి."

"వెలుతురు చూసి కాసినవి నా కాయలు."

"పొగ చూసి కూడా కాస్తాయిలెండి. మీవీ నావీ టీలో వేస్తే తెలుస్తుంది."

ఆయన ఆమెకంటే నాలుగేళ్ళు పెద్ద, అయినా ఆమెను అక్క అనే అర్థంలో అపా అంటాడు. ఆమె ఆయన్ని అన్న అంటుంది, అకా. ఇద్దరూ మీరు అనే మాట ఎప్పుడూ వదలలేదు. తిట్టుకునేటప్పుడు కూడా.

ఈ సంగతి జరిగిన ఏడు, శరదృతువులో, ఆమె తొట్లలో పెంచిన మొక్కలు దింపి తొమ్మిది చెట్ల గుంటను పద్దెనిమిది చెట్లకు పెంచింది. అక్కడే చిక్కు వచ్చింది. గట్టి చలి రాత్రుల్లో పట్టా మీద రెల్లు చాపలు పరవాలి. ఉన్న చాపలు తొమ్మిది చెట్లకే. ఎండాకాలంలో కొండల మంచు కరిగి జరఫ్‌షాన్ నది పొంగి ఒడ్డున రెల్లుదుబ్బులన్నీ కొట్టుకుపోయాయి. కొత్త చాపలు అల్లడానికి రెల్లు లేదు. పాత చాపలు కూడా డిసెంబరులో ఎలుకలు కొరికి చీపుళ్ళైపోయాయి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. మంచు కోసం చూసింది. జానెడు మంచు పట్టా మీద కదలకుండా కూర్చుంటే దాన్ని మించిన దుప్పటి లేదు. ఆమె ఆ సంగతి రెండు చలికాలాలు కనిపెట్టి చూసుకుంది.

జనవరి సగం గడిచినా మంచు పడలేదు. ఒక గురువారం పొద్దున రేడియోలో చెప్పారు, మధ్యాహ్నం దాకా మంచు, ఆ తర్వాత ఆకాశం తేటపడి రాత్రికి మైనస్ పద్దెనిమిది. అది విన్నప్పుడు ఆమె చేతిలో టీగిన్నె ఉంది. గిన్నె కింద పెట్టి, తలగుడ్డ కట్టుకోకుండానే పెరట్లోకి వచ్చి నిలబడింది. ఏడింటికి మొదటి పొర. ఎనిమిదింటికి వేలు మందం. గాలి లేదు. మంచు నిటారుగా, చప్పుడు లేకుండా, ఎవరో పైనుంచి జల్లెడ పడుతున్నట్టు దిగింది. పదకొండింటికి కొలకర్ర గుచ్చి చూసుకుంది. జానెడు. పద్దెనిమిది చెట్ల మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒకే మందం.

ఆమె నవ్వుకుంటూ పిండిమరకు బయల్దేరింది. చలి ముదిరితే మర కాలువ గడ్డకడుతుంది, వారం రోజులు పిండి దొరకదు.

మా ఇళ్ళకు మట్టికప్పులు, చదునుగా ఉంటాయి. మంచు కరిగేలోపు ఊడ్చకపోతే గదిలో వాన. అందుకే మంచు ఆగగానే మగవాళ్ళు చెక్కపారలు పట్టుకుని కప్పులెక్కుతారు. ఒంటరి ఆడమనిషి ఇల్లు ముందు ఊడ్చి, ఆ తర్వాత సొంత ఇంటి మీదికి వెళ్ళడం మర్యాద. మిర్జోవలి మర్యాద తెలిసినవాడు.

ఆమె పిండిమూట తలమీద పెట్టుకుని తిరిగి వచ్చేసరికి రెండైంది. ఇంటి కప్పు శుభ్రంగా ఉంది. పెరట్లోకి తిరిగింది. నిమ్మగుంట మీద పట్టా కడిగిన గాజులా మెరుస్తూ ఉంది.

మిర్జోవలి పార మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. ముఖం ఎర్రగా, సంతోషంగా ఉంది.

"చూడండి అపా. ఒక్క రవ్వ లేదు. నలుగురం పట్టాం."

ఆమె మూట దించింది. "మంచు ఏది?"

"వెనక కాలవలోకి తోసేశాం. పోయింది. మీరేం భయపడకండి, పట్టాకు ఎక్కడా చిరుగు లేదు, పార బోర్లించి లాగాం."

ఆమె పట్టాను చూసింది. ఆకాశాన్ని చూసింది. పడమర వైపు మేఘం అంచు చీలి నీలం బయటపడుతోంది.

"మీ చేతులకు నొప్పి రాకూడదు అకా," అంది. సాయం చేసినవాళ్ళకు మేం చెప్పే మాట అదే. ఇంకేం చెప్పగలదు. చెడగొట్టారని చెబితే, ఆ ముఖం మీది సంతోషం ఆమె కళ్ళ ముందే చచ్చిపోతుంది. వచ్చే ఏడు ఆ మనిషి ఎవరి కప్పూ ఎక్కడు.

మెట్లు దిగి లోపల కూర్చుంది. చెట్లన్నీ కాయల మీద ఉన్నాయి. కొత్త తొమ్మిది చెట్లకు అదే తొలి కాపు. ఆ రాత్రి పట్టా ఒట్టిగా ఉంటే తెల్లారేసరికి పద్దెనిమిదీ నల్లబడతాయి. ఒక్కతే పార పట్టి ఎంత మోయగలదు. పెరట్లో మంచు తొక్కి బురదైంది. తొక్కని మంచు ఎదురింటి పెరట్లో ఉంది, ఇంకా ఊడ్చని మిగతా కప్పుల మీద ఉంది.

అప్పుడు ఆమెకు గుర్తొచ్చింది, ఇది మొదటి మంచు అని.

మొదటి మంచు రోజు మా దగ్గర ఎవరూ ఎవరి చేతి నుంచీ ఏదీ తీసుకోరు. రొట్టె ఇస్తే అక్కడ పెట్టమంటారు. ఎందుకంటే దానికింద మంచుచీటీ ఉండొచ్చు. చీటీ చేతికి చిక్కిందా, అందులో ఏం అడిగితే అది ఇచ్చుకోవాలి. పలావు, వేట, పాటకచేరీ, ఏదైనా సరే. తెచ్చినవాళ్ళు తమ గడప దాటేలోపు పట్టుబడితే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. ముఖానికి మసి పూసి, వాళ్ళ చేతే విందు పెట్టిస్తారు. పొద్దు గుంకితే చీటీ చెల్లదు. కాదనడం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు.

ఆమె క్యాలెండరు కాగితం చింపి వెనకవైపు రాసింది. మడిచి మడిచి వేలెడు చేసింది.

ముప్పై ఏళ్ళుగా మిర్జోవలికి చీటీ అంటించినవాళ్ళు లేరు. మొదట ఆమె వేడి రొట్టెతో వెళ్ళింది. ఆయన వాకిట్లో నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ అరుగు మీద పెట్టండి అపా."

"వేడిగా ఉంది, తీసుకోండి."

"మీ రొట్టెకు వేడితోపాటు బరువు కూడా ఎక్కువున్నట్టుంది." ఆయన తన భార్య ఓయ్‌షాను పిలిచాడు. "ఓయ్‌షా, ఈ రొట్టెను నువ్వు తిప్పి చూడు. పోయినేడు దీని చుట్టం ఒకటి వచ్చింది."

ఆమె రొట్టె పెట్టేలోపే చీటీని వేళ్ళ మధ్యకు జార్చుకుంది. ఓయ్‌షా రొట్టె తిప్పి చూసి, "ఏమీ లేదు పిల్లల నాన్నా. అనుమానం మనిషివి నువ్వు," అంది.

"అనుమానమే నన్ను ముప్పై ఏళ్ళు కాపాడింది," అని ఆయన టీ తాగడానికి లోపలికి వెళ్ళాడు.

గడప బయట ఆయన జోళ్ళు ఉన్నాయి. మెత్తని తోలు మేజోళ్ళ మీద తొడుక్కునే రబ్బరు జోళ్ళు. ముక్కులు వీధివైపు తిరిగి ఉన్నాయి. ఆమె వంగింది. చీటీని కుడిజోడు ముక్కు దాకా వేలితో నెట్టింది. నిటారుగా లేచి, పరుగెత్తకుండా, వాకిట్లో చెట్టు దాకా నడిచింది. అక్కడ ఆగింది. చీటీ ఆయన చేతికి రావడం కళ్ళారా చూడకుండా వెళ్ళిపోతే, తర్వాత ఆయన బుకాయించవచ్చు.

మూడున్నర దాటింది. కొండ నీడ ఊరి చివరి ఇళ్ళకు చేరింది.

లోపల ఆయన రెండోసారి టీ పోయించుకుంటున్నాడు. ఆమెకు గిన్నె చప్పుడు వినబడుతోంది. మూడోసారి పోయించుకున్నాడు. ఎవరి గురించో చెప్పి నవ్వుతున్నాడు. నీడ మసీదు గోడ దాటింది. చివరికి బయటకు వచ్చి ఎడమకాలు జోడులో పెట్టాడు. కుడికాలు పెట్టాడు. ఆగాడు. కాలు తీసి, జోడు ఎత్తి దులిపాడు. ఏమీ రాలలేదు. వేళ్ళు లోపలికి పోనిచ్చాడు.

చీటీ ఆయన చేతిలో ఉంది.

"చేత్తోనే తీశావు," అంది లోపలి నుంచి ఓయ్‌షా. "నేను చూశాను."

అప్పుడాయన తలెత్తాడు. చెట్టు దగ్గర సనవ్‌బర్ ఖోలాను చూశాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎడమ మోకాలు సరిగా వంగదు. అయినా ఆమె అంత వేగంగా కదలడం మేం ఆ రోజే చూశాం. పావడా రెండు చేతులా ఎత్తిపట్టి వాకిలి దాటింది. వెనక ఆయన ఒక కాలికి జోడుతో, ఒక కాలికి ఒట్టి మేజోడుతో.

"పట్టండి ఆవిణ్ణి," అని వీధికి చెప్పాడు.

వీధి పట్టలేదు. వీధి గోడలెక్కి చూసింది.

"ఖోలా, కుడివైపు రండి, ఎడమవైపు జారుతుంది."

"మిర్జోవలి అకా, రెండో జోడు కూడా విప్పెయ్యండి, తేలికవుతారు."

ఇరవై అడుగులు. ఆయన చెయ్యి ఆమె తలగుడ్డ కొసను పట్టుకుంది. ఆమె తలగుడ్డను వదిలేసింది. నెరిసిన జడతో తన గడప మీద పడింది, లోపలివైపు.

ఆయన చేతిలో తలగుడ్డతో గడప బయట ఆగిపోయాడు. ఇద్దరికీ ఊపిరి ఆడలేదు.

"మోకాలు నొప్పి అన్నారుగా," అన్నాడు చివరికి.

"నొప్పే."

"చదవండి, చదవండి," అన్నారు గోడల మీదివాళ్ళు. ఆయన కళ్ళజోడు లేదు. కాగితాన్ని చేతంత దూరం పట్టుకుని చదివాడు.

'మంచు మా నుంచి, విందు మీ నుంచి అని అందరూ రాస్తారు. నాకు విందు వద్దు. మీ పెరటి మంచు, మన వీధి కప్పుల మంచు కావాలి. తొక్కనిది. నా నిమ్మల మీద, జానెడు మందం, పొద్దు గుంకేలోపు. విసరకూడదు. పరవాలి.'

ఆయన రెండోసారి తనలో చదువుకున్నాడు. నిమ్మగుంట వైపు చూశాడు. తన పార వైపు చూశాడు. ఆ పారతో తను ఏం చేశాడో ఆయన ముఖంలో మెల్లగా తెల్లవారింది.

"అపా, అప్పుడే చెప్పొచ్చు కదా."

"చీటీ ఎక్కువ మాట్లాడదు అకా. పొద్దు చూడండి."

ఆ తర్వాతి గంటను మా వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. కప్పుల మీంచి తోసే మంచును ఎవరూ ఇక వీధిలోకి తొయ్యలేదు. కంబళ్ళు పరిచి పట్టుకున్నారు. బట్టలుతికే తొట్లు వచ్చాయి, పిండి జల్లెడలు వచ్చాయి, ఎవరో ఊడబెరికిన తలుపు వచ్చింది. తలుపు మీద కుప్ప పోసి నలుగురు మోశారు. ఓయ్‌షా కొత్త దుప్పటి తెచ్చింది, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. మంచును ఊడ్చడం తప్ప పరవడం ఎవరికీ రాదు. ముద్దలుగా వేశారు. మిర్జోవలి వాళ్ళను తిట్టాడు.

"కూలిపని కాదురా. పసిపిల్ల మీద గుడ్డ కప్పినట్టు వెయ్యండి."

ఆ మాట పొద్దున ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాడు.

సనవ్‌బర్ ఖోలా కింద ఉంది. వాసాలు బరువుకు ఎలా ఉన్నాయో కిందినుంచే తెలుస్తుంది. పైన ఒక్కో తొట్టి పరిచినప్పుడల్లా ఆమె తలమీద వెలుతురు ఒక పట్టీ మేర ఆరిపోతోంది. తెలుపు పోయి నీలం, నీలం పోయి బూడిదరంగు. మొదటి చెట్టు చీకట్లోకి వెళ్ళింది. రెండోది. అయిదోది. ఆమె వాసం వాసం కింద నడుస్తూ అరచేతితో తాకి చూసింది. పదో చెట్టు మీది వాసం మూలిగింది.

"ఆపండి," అంది. పైన పాదాల చప్పుడు ఆగింది. ఆమె భుజం వాసానికి ఆనించింది. ఎవరో మెట్లు దిగివచ్చారు. మిర్జోవలి, చేతిలో ఒక ఊతకర్ర. కర్రను వాసం కింద నిలబెట్టి, మడమతో కొట్టి బిగించాడు. అప్పుడుగానీ ఆయన చుట్టూ చూడలేదు. పన్నెండేళ్ళుగా గోడ మీదుగా వెక్కిరించిన గుంటలో ఆయన అడుగుపెట్టడం అదే మొదలు. మసి సీసాలు. పసుపుకాయలు చెట్టుకు ముప్పై నలభై. ఆయన కోటు గుండీ విప్పుకున్నాడు.

"పొయ్యి ఎక్కడ దాచారు?"

"మీరు నిలబడ్డ చోటే. కింద."

ఆయన తన పాదాల వైపు చూసుకున్నాడు. మెట్లెక్కాడు. పైన మళ్ళీ చప్పుళ్ళు మొదలయ్యాయి, ఈసారి ఇంకా వేగంగా, ఇంకా మెత్తగా. పదకొండు. పద్నాలుగు. పదహారు.

తర్వాత చప్పుడు లేదు. ఆమె పైకి వచ్చింది. పొద్దు గుంకింది. మెట్ల పక్కన రెండు చెట్ల మేర పట్టా ఒట్టిగా ఉంది. వీధిలో తొక్కని మంచు అయిపోయింది. మిర్జోవలి తన పెరడు చూపించాడు. ఒక్క తెల్ల మచ్చ లేకుండా నల్లటి నేల.

"గోకేశాను అపా. ఇంక నా గడ్డం ఒకటే ఉంది తెల్లగా."

"చాలు అకా. పొద్దు పోయింది. చీటీ తీరింది."

ఆమె లోపలికి వెళ్ళి తను కప్పుకునే రెండు దూది బొంతలు తెచ్చి ఆ రెండు చెట్ల మీద కప్పింది. గుంట తలుపు మూసి, సందుల్లో గోనెలు కుక్కింది. ఆ రాత్రి మా ఇంటి ముందు బకెట్లో నీళ్ళు గడ్డకట్టి, దాని అడుగు ఊడివచ్చింది.

తెల్లవారాక వీధి ఆమె గుంట మెట్ల దగ్గర నిలబడింది. ఆమె ఒక్కతే దిగింది. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న స్నానపు తొట్టి థర్మామీటరు అక్కడ వేలాడుతూ ఉంటుంది. నాలుగు, సున్నాకు పైన. పదహారు చెట్లు సాయంత్రం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. బొంతల కింది రెండింటికీ చివరాకులు ఉడికిన కూరలా వేలాడాయి. కొమ్మ గోరుతో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది. వసంతం దాకా కత్తి పెట్టక్కర్లేదు.

పైకి వచ్చి, "ఉన్నాయి," అంది. అంతే అంది. ఓయ్‌షా ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. మేమంతా ఒకేసారి మాట్లాడాం.

మిర్జోవలి అప్పుడే వచ్చాడు. దోసపాదులు బతికాయి. ఆయనే చచ్చినట్టున్నాడు. రాత్రంతా పొయ్యి దగ్గర కూర్చుని, ముఖం మీద కళ్ళు తప్ప ఏదీ తెల్లగా మిగల్లేదు.

"చీటీతో పట్టుబడకుండానే ముఖానికి మసి పూసుకున్నారే మీరు," అన్నారెవరో.

"నిద్రపోనివ్వండి నన్ను," అన్నాడాయన.

ఆమె ఆయన వెంట వీధి దాటింది. గాజుగది గుమ్మం దగ్గర రాత్రి తోడిన బూడిద బకెట్టు ఉంది, ఇంకా వెచ్చగా. ఎవరినీ అడక్కుండా ఎత్తుకుంది. మంచు మొత్తం తన గుంటకిచ్చి నల్లగా మిగిలిన ఆయన పెరట్లోకి, ఎండ ముందుగా పడే వైపుకు నడిచింది. గుప్పెడు బూడిద తీసి నేలమీద వదులుతూ, అడుగులు లెక్కపెడుతూ, తూర్పు నుంచి పడమరకు నడవడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారు అపా?" అన్నాడాయన గుమ్మంలోంచి.

"గుంటకు ఉల్లిమడి పోతుంది, ఫరవాలేదా?"

ఆయన ఓయ్‌షా వైపు చూశాడు. ఓయ్‌షా ఉల్లిమడి వైపు చూసి, భుజాలెగరేసింది.

పన్నెండు అడుగుల దగ్గర ఆమె మూల తిప్పింది. నాలుగడుగులు. మళ్ళీ తిప్పింది. బకెట్టు అడుగున ఉన్నది వేళ్ళతో గీకి తీసి, గీతను మొదలుపెట్టిన చోట కలిపింది.